చిటికెన వేలు

నేను మానవపాడులో మిరప చేనుకు కూలికి పోతే, పది నెలల నా కొడుకును పక్కింటి పెద్దమ్మే చూసుకునేది. వాడు ఏడిస్తే తన కల్లు గ్లాసులో చిటికెన వేలు ముంచి, వాడి పెదవులకు రాసేది.

"ఏం కాదు బిడ్డా, జర నిమ్మలంగ పండుకుంటడు," అనేది. వాడు పడుకునేవాడు. నేనూ ఊరుకున్నాను.

కల్లులో మత్తుమందు కలుపుతున్నారని ఒకరోజు ఆబ్కారీ వాళ్లు కల్లు దుకాణం మూయించారు. కల్లు దొరక్క మూడోనాటికి పెద్దమ్మ చేతులు వణికాయి. గోడతో మాట్లాడింది.

"ఎవరే నువ్వు? నా పిలగాన్ని ఎందుకు ఎత్తుకున్నవ్?" అని నా మీదికొచ్చింది. ఆమెను ఆటోలో గద్వాల దవాఖానకు తీసుకుపోయారు.

మూడు రోజులుగా నా కొడుకుకూ నిద్ర లేదు. పళ్లు వస్తున్నాయేమో అనుకున్నాను. వాడు నా చిటికెన వేలు పట్టుకుని ఆబగా చప్పరించాడు. వెంటనే విదిలించి, తాళం వేసిన పక్కింటి వైపు రెండు చేతులూ చాచాడు.