కుడిచేతి తూకం, తుపాకీ స్టాండు

ఒక పెద్దమనిషి పరువును, ఇద్దరు మనుషుల బతుకుదెరువును ఒకే పొద్దున గంటలోపల తలకిందులు చేసిన ఘనత నాకుంది. అదీ తుపాకీని కాల్చకుండానే. చేసిందంతా నా కుడిచెయ్యి. ఇప్పుడు కోరుట్లలో నా షెడ్డులో కూర్చుని దాన్ని తిప్పి తిప్పి చూసుకుంటే, ఇంత అమాయకంగా కనిపించే చెయ్యి అంత పని చేసిందా అనిపిస్తుంది. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. నాకు నవ్వు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ముందు ఆ చేతి గొప్పతనం చెప్పాలి. సౌదీలోని తాయిఫ్‌లో వర్క్‌షాపులన్నీ ఒకచోట ఉండే పేటలో, మాకు వీసా ఇచ్చిన కఫీల్ అబూ సాలెంకు ఒక చిన్న లేత్ వర్క్‌షాపు ఉండేది. నేను అందులో ఫిట్టర్‌ని. సెలవుకు ఇంటికి పోయేవాళ్లు అట్టపెట్టె కట్టుకోగానే నాకు కబురు పెట్టేవాళ్లు. తాడు ముడి కింద నాలుగు వేళ్లు దూర్చి, మోకాలి ఎత్తుకు లేపి, "ముప్పై ఒకటిన్నర. పాలపొడి డబ్బా ఒకటి తీసెయ్" అనేవాణ్ని. ఎయిర్‌పోర్టులో కాటా కూడా అదే మాట అనేది. గల్ఫ్‌లో ఉన్నవాడికి వస్తువు మంచిదా చెడ్డదా అన్నది తర్వాత, ముందు బరువెంత? దుప్పటి కొన్నా, ఇస్త్రీపెట్టె కొన్నా చేతిలో ఆడించి చూస్తాం. తేలికైనదే మంచిది. ఇందులో నాకు సందేహమన్నది ఎప్పుడూ రాలేదు.

అవి నితాఖాత్ రోజులు. సౌదీవాళ్లను ఎంతమందిని పనిలో పెట్టుకున్నారో చూసి ప్రతి కంపెనీకీ సర్కారు ఒక రంగు ఇచ్చేది. ఆకుపచ్చ అయితే నిశ్చింత. ఎరుపు అయితే అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు మనకు రెన్యూవల్ కాదు, ఇంటికి పోవడమే. దానికి తోడు మనిషికి ఇంత అని లెవీ, అంటే సర్కారు పన్ను. పొద్దున టీ దగ్గర జనం బాగున్నావా అని అడగడం మానేసి, మీదే రంగు అని అడిగేవాళ్లు. మాది పసుపు. అది కూడా ఎరుపు వైపు జరుగుతున్న పసుపు.

వర్క్‌షాపులో నాతోపాటు యూసుఫ్ భాయ్ ఉండేవాడు. కడప మనిషి. లేత్ మీద పదిహేనేళ్ల అనుభవం. నాకు పని నేర్పింది ఆయనే. భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఆయనతోనే తాయిఫ్‌లో ఉండేవాళ్లు. మా ఇద్దరి ఇఖామాలూ రెండు నెలల్లో అయిపోతున్నాయి. ఒక్కటే చేయించగలనని అబూ సాలెం చెప్పేశాడు. ఎవరిదో మాత్రం చెప్పలేదు. ఇంకో రెండేళ్లుంటే ఊళ్లో సొంతంగా లేత్ పెట్టుకోవచ్చని నా ఆశ. పిల్లల చదువు మధ్యలో ఆగకూడదని ఆయన ఆశ. మధ్యాహ్నం ఇద్దరం ఒకే పళ్లెంలో తినేవాళ్లం. తింటూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు.

ఆ భయంలోంచి అక్కడ ఒక అలవాటు పుట్టింది. కఫీల్ ఏమడిగినా "మాలూమ్" అనాలి. అంటే తెలుసునని. ఏసీ రిపేరు? మాలూమ్. రంగులు వెయ్యడం? మాలూమ్. "మాఫీ మాలూమ్", తెలియదు, అన్నవాడి పేరు ఇంటికి పంపే ఎగ్జిట్ లిస్టులో ముందుకొస్తుందని అందరి నమ్మకం. మా పక్క షాపు ప్లంబరు ఒకతను ఇలాగే మాలూమ్ అనేసి, కఫీల్ గారి ఒంటెకు పంటినొప్పి వైద్యం చేయబోయి వారంరోజులు చేతికి కట్టుతో తిరిగాడు. అతన్ని చూసైనా నేను నేర్చుకోవాల్సింది.

అబూ సాలెం అప్పుడే ఉద్యోగం నుంచి రిటైరయ్యి, లైసెన్సు తీసుకుని ఒక రైఫిల్ కొన్నాడు. బెంచ్‌రెస్ట్ అని ఒక రకం పోటీ ఉంది. బల్ల ముందు కూర్చుని, దూరంగా ఉన్న కాగితం మీదికి ఐదు గుండ్లు కాల్చాలి, వీలైతే ఐదూ ఒకే చిల్లులోంచి పోవాలి. తుపాకీ వెనకభాగం కింద ఇసుక సంచి ఉంటుంది. ముందుభాగం కింద మూడు కాళ్ల స్టాండు. దాన్నే ఫ్రంట్ రెస్ట్ అంటారు. దాని నెత్తిన ఇంకో చిన్న ఇసుక సంచి, రెండు పక్కల దవడలు, ఎత్తు మార్చడానికి మరలు. ఆ ఆటలో తుపాకీని మోసేది మనిషి కాదు, స్టాండు. మంచి స్టాండు ఎంచుకుంటే సగం పోటీ అయిపోయినట్టే. ఈ వాక్యాలన్నీ నేను ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. అప్పుడు నాకు ఇందులో ఒక్క ముక్క తెలియదు.

డీలరు మూడు స్టాండ్లు పంపి, నచ్చింది ఉంచుకుని మిగతావి తిప్పి పంపమన్నాడట. అబూ సాలెం మూడింటినీ మా పనిబల్ల మీద వరసగా పెట్టించి ముందు యూసుఫ్ భాయ్ వైపు తిరిగాడు. ఏది మంచిదో మాలూమా అని అడిగాడు. యూసుఫ్ భాయ్ చేతులు గుడ్డతో తుడుచుకుని, మూడింటినీ కాసేపు చూసి, నెమ్మదిగా "మాఫీ మాలూమ్" అన్నాడు. రెండు రోజులు టైమిస్తే కనుక్కుని చెప్తానని కూడా అన్నాడు. ఆ రెండో మాట నాకు వినపడితేగా. మొదటి మాట దగ్గరే నా గుండె ఎగిరి గంతేసింది. అనేశాడు! ఈయన ఎగ్జిట్ ఖాయం, నా ఇఖామా ఖాయం. పని నేర్పిన మనిషి గురించి నేను ఆ క్షణాన అనుకున్నది ఇదే. దాచుకుని లాభం లేదు.

ఒకడుగు ముందుకేసి, నాకు మాలూమ్ అన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. మా ఊళ్లో తుపాకులకు ఇలాంటివి చాలా చేసి ఇచ్చానని చెప్పాను. నేను ముట్టుకున్న తుపాకీ, అంజన్న జాతరలో బుడగలు కొట్టేది ఒక్కటే. అదీ ఒక్క బుడగా పగల్లేదు.

ఇక పరీక్ష మొదలైంది. మొదటి స్టాండు నల్లటి పోత ఇనుము. వేళ్లు దూర్చి లేపాను. పదకొండు కిలోలు. ఛీ అనుకున్నాను. రెండోది ఏడు. మూడోది వెండిలా మెరుస్తున్న అల్యూమినియం. రెండుంపావు. నా కుడిచేతికి ప్రాణం లేచొచ్చింది. ఇదే అన్నాను. ఎందుకని అడిగితే, ఎక్కడికైనా ఒంటిచేత్తో పట్టుకుపోవచ్చని చెప్పాను. అబూ సాలెం చాలా లోతైన మాట విన్నట్టు తలూపాడు.

ఆయన వెళ్లాక యూసుఫ్ భాయ్ నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"అబ్బీ, ఒక మాట చెప్తా. మన లేత్ కింద అంత ఇనుము ఎందుకు పోసినారంటావు? తేలిగ్గా చేసింటే మోసుకుపోయేదానికి బాగుండు కదా?"

ఆలోచించాల్సిన మాట. పొద్దస్తమానం ఆ లేత్ ముందే కదా నిలబడేది! కానీ నాకు ఆయన ఓర్వలేక అంటున్నట్టు వినపడింది.

"భాయ్, నువ్వు తెల్వదన్నవ్ గద. ఇగ నన్ను చెయ్యనియ్యి" అన్నాను.

ఆయన తన లేత్ దగ్గరికి వెళ్లిపోయాడు. మర్నాడు అబూ సాలెం తుపాకీ తేగానే నేను దాన్ని ఆ అల్యూమినియం స్టాండు మీద పెట్టించి, రెండు దవడలూ స్పానరుతో పటపటా బిగించాను. వర్క్‌షాపు మనిషికి కదిలే వస్తువు కంటబడితే బిగించకుండా ఉండలేడు. తుపాకీ అంగుళం కూడా కదల్లేదు. అబూ సాలెం ముచ్చటపడిపోయాడు. కాల్చని తుపాకీ ఏ స్టాండు మీదైనా బుద్ధిగానే కూర్చుంటుందని మాలో ఎవరికీ తట్టలేదు.

వారం తర్వాత కొండల మధ్య ఉన్న ఒక ప్రైవేటు రేంజిలో పోటీ. అబూ సాలెం మా ఇద్దరినీ తన పికప్‌లో తీసుకెళ్లాడు. అక్కడ మిగతా పెద్దమనుషులు తమ స్టాండ్లను రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని, ఆయాసపడుతూ మోసుకొస్తున్నారు. పక్కబల్ల అబూ తలాల్‌ది. ఆయనకు గులాబీ, దానిమ్మ తోటలున్నాయి. ఆయన స్టాండు మా అమ్మ రుబ్బురోలంత ఉంది. పాపం, వీళ్లకు చెప్పేవాళ్లు లేరే అని జాలిపడ్డాను. మా అబూ సాలెం మాత్రం స్టాండును ఒంటిచేత్తో ఊపుకుంటూ వచ్చి, నా వైపు గర్వంగా చూశాడు.

మొదటి గుండు పేలింది. తుపాకీ వెనక్కి తన్నుతుంది. అప్పుడు స్టాండు బండలా ఉన్నచోటే ఉండాలి, తుపాకీ దాని మీద జారి వెనక్కి రావాలి. అదీ పద్ధతి. నేను బిగించిన పుణ్యాన తుపాకీ ఆ తేలిక స్టాండును కూడా వెంటబెట్టుకుని ఎగిరింది. మూడు కాళ్లూ బల్ల మీద టకటకమంటూ జానెడు పక్కకు నడిచాయి. ఆయన మళ్లీ సర్దుకుని కాల్చాడు. మళ్లీ నడిచాయి. నాలుగో గుండుకు స్టాండు ఎటు తిరిగి ఉందో దానికే తెలియాలి. తుపాకీ మీది దుర్బిణీలో చూస్తే దూరంగా ఉన్న కాగితాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. పెద్దాయన కంటికి ఒక కాగితం కనబడింది, కాల్చాడు. నడిమధ్యన తగిలింది. ఐదోదీ అక్కడే. అల్‌హమ్‌దులిల్లా అంటూ లేచి నిలబడ్డాడు. నేను యూసుఫ్ భాయ్ వైపు తిరిగి, చూశావా అన్నట్టు కనుబొమలు ఎగరేశాను.

కాగితాలు తెచ్చారు. అబూ సాలెం కాగితంలో మూడే చిల్లులు, దిక్కుకొకటి. అబూ తలాల్ కాగితంలో ఏడు.

స్నేహితుల పోటీ కాబట్టి తీర్పరులు కాసేపు గడ్డాలు నిమురుకున్నారు. ఏ చిల్లు ఎవరిదో చెప్పలేకపోయి, చివరికి కాగితం ఎవరిదైతే చిల్లులు వాళ్లవే అన్నారు. మంచివి ఐదు లెక్కేస్తే అబూ తలాల్ గెలిచాడు. ఆయన వచ్చి అబూ సాలెంను కౌగిలించుకుని, రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టి, నీ సాయం మరిచిపోనన్నాడు. చుట్టూ నవ్వులు. అబూ సాలెం కూడా నవ్వాడు. బయల్దేరేటప్పుడు మాత్రం స్టాండును పికప్ వెనకభాగంలోకి విసిరేశాడు.

మర్నాడు పొద్దున వర్క్‌షాపుకు వచ్చి స్టాండును మా ముందు పెట్టి, ఎందుకిలా అయిందని అడిగాడు. గొంతు పెంచలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నేను నోరు తెరిచేలోగా యూసుఫ్ భాయ్ మాట్లాడాడు. తప్పు తనది కూడా అన్నాడు. తనకు అనుమానం వచ్చినా యజమానికి చెప్పకుండా ఊరుకున్నానని అన్నాడు. నన్ను ఒక్కమాటతో ఇంటికి పంపించగల సమయంలో ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. సిగ్గుతో నా తల నేలకు దిగింది. ఆ సిగ్గే నా చేత నిజం చెప్పించింది.

"మాఫీ మాలూమ్" అన్నాను. "మొదటిరోజు కూడా మాఫీ మాలూమ్."

అబూ సాలెం చాలాసేపు ఆ స్టాండు కాళ్లు తిప్పుతూ కూర్చున్నాడు.

"నాకూ తెలియదు" అన్నాడు చివరికి. "అబూ తలాల్‌ను అడిగితే చెప్పేవాడు. తెలియదని అతని ముందు అనలేక మిమ్మల్ని అడిగాను."

ఆయన లేచి, యూసుఫ్ ఆ మాట మొదటిరోజే అన్నాడని, నేను ఇవాళ అంటున్నానని చెప్పి వెళ్లిపోయాడు. ఇఖామా యూసుఫ్ భాయ్‌కి చేయించాడు. న్యాయమే. నేను రూముకు పోయి నా అట్టపెట్టె కట్టుకున్నాను. లేపి చూస్తే ఎన్ని కిలోలో అందలేదు. అలా జరగడం అదే మొదటిసారి.

మూడోరోజు అబూ తలాల్ ఒక దానిమ్మకాయల పెట్టెతో వర్క్‌షాపుకు దిగాడు. ఆ స్టాండు ఎంచిన మహానుభావుడెవరో చూడాలని వచ్చాడట. నన్ను చూసి, నా వల్లే తాను గెలిచానని, తన తోటల కంపెనీ ఆకుపచ్చలో ఉందని, పంపుల రిపేరుకు మనిషి కావాలని అన్నాడు. పంపులు మాలూమా అని అడిగాడు. పెదవుల దాకా వచ్చిన 'మా' అన్న అక్షరాన్ని మింగేసి, నేర్చుకుంటానన్నాను. అబూ సాలెం, నన్ను ఆయన కంపెనీకి మార్చే తనాజుల్ కాగితం మీద సంతకం పెట్టి నన్ను వదిలేశాడు. పెడుతున్నప్పుడు ఆయన మీసాల కింద చిన్న నవ్వు కనిపించింది.

ఆ తర్వాత కుటుంబాల మీద వేసిన లెవీ ఏటా పెరిగింది. యూసుఫ్ భాయ్ భార్యనూ పిల్లలనూ కడపకు పంపేయక తప్పలేదు. ఇఖామా దక్కినా ఆయన కోరుకున్నది దక్కలేదు. నేను తోట నుంచి వెళ్లి పెట్టెలు కట్టాను. చివరి పెట్టె లేపి ముప్పై అన్నాను. జెద్దా ఎయిర్‌పోర్టులో కాటా ముప్పై అనే చూపించింది.

"ఇదొక్కటి మాత్రం నీకు నిజంగా తెలుసురా అబ్బీ" అని యూసుఫ్ భాయ్ నవ్వాడు. నవ్వుతూనే మొహం అటు తిప్పుకున్నాడు.

వాళ్లు వెళ్లిన ఏడు పోటీకి ముందు నాకు అబూ సాలెం ఫోన్ చేశాడు. కొత్తగా రెండు స్టాండ్లు వచ్చాయట. ఏది మంచిదో తనకు తెలియదని ముందే చెప్పాడు. అబూ తలాల్ తోట ఆ చివర ఉన్నాడు. నేను ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, ఒంటిచేత్తో లేవనిది తీసుకోమని, దవడలు యూసుఫ్ భాయ్‌నే పెట్టమనమని గుసగుసగా చెప్పాను. ఆ ఏడు అబూ సాలెం గెలిచాడు. తిరిగొస్తూ బండిలో అబూ తలాల్ నన్ను అడిగాడు, ఈసారి అతని స్టాండు ఎందుకు కదల్లేదో నీకేమైనా మాలూమా అని.

"మాఫీ మాలూమ్" అన్నాను.

కావున ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేసుకునేది ఏమనగా, గంగారాం అనే నేను ఈ కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ఒట్టేస్తున్నాను: తెలియనిదాన్ని తెలుసునని జన్మలో మళ్లీ అనను. తెలిసినదాన్ని తెలియదనడం మాత్రం ఆ ఒట్టులో లేదు.