మల్లవ్వ పేరు లేని గిరాకి పుస్తకం

బజారులో ఎవరైనా నన్ను చూపించి "పుస్తకం రాసిన కోడలు ఈమేనట" అన్నప్పుడల్లా నేను తల దించుకుంటాను. అణకువ అనుకుంటారు. అణకువ కాదు. తొమ్మిదేళ్ళుగా మోస్తున్న బరువు. మా ఆయనకు చెప్పలేదు, తోడబుట్టిన అక్కకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు రాసి చెప్పడానికి ధైర్యం వచ్చింది. చివరిదాకా ఒక్క ఊపున రాస్తాను. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేను.

నా చదువు మూడో తరగతి. అదీ ఉర్దూ బడి. తెలుగు అక్షరాలు మా నాయన ఇంట్లో పలక మీద దిద్దించినవే. కానీ ఒక్కసారి విన్న మాట నన్ను వదిలిపోదు. ఎవరి పెళ్ళిలో పప్పు మాడిందో, అప్పుడు వియ్యపురాలు మూతి ఎట్లా తిప్పిందో, ఏ మాట అన్నదో, అదే గొంతుతో చెప్పగలను. మధ్యాహ్నం పనులైతే చుట్టుపక్కల ఆడవాళ్ళు మా ఇంట్లో చేరేది దానికోసమే.

మాది తాండూరు. అంగడి దారిలో బట్టల దుకాణం, వెనకే ఇల్లు. పోలీసు యాక్షన్ అయిపోయిన ఏడెనిమిదేళ్ళకు జరిగిన సంగతి ఇది. ఊళ్ళో కొత్త దుకాణాలు లేస్తున్నాయి. బండలు అమ్మేవాళ్ళు, పప్పు అమ్మేవాళ్ళు, కుట్టు మిషను పెట్టుకున్నవాళ్ళు. అందరి ఫికరూ ఒకటే, గిరాకి. కొనే మనిషి గడప ఎక్కడమెట్లా? మా ఆయన దుకాణం ముందు నిలబడి గొంతు పోయేట్టు పిలిచేవాడు. జనం మా వైపు వచ్చేవాళ్ళు, వచ్చి మా అరుగు దగ్గరే ఆగిపోయేవాళ్ళు. లోపలికి రారు.

ఎందుకంటే అరుగు మీద మల్లవ్వ ఉండేది.

కొడంగల్ దారిలో పల్లె ఆమెది. గొర్రెలు కాసే ఇల్లు. మొగుడు గొంగళ్ళు నేస్తే ఈమె వారానికోసారి అంగడి నాడు మూట నెత్తిన పెట్టుకుని వచ్చి అమ్మేది. ఒక్కరిని పిలిచేది కాదు. కూర్చుని ఏదో పాత గొంగడికి చిరుగు కుట్టుకుంటూ ఉండేది. ఆ చేతులు చూడడానికి ఒకడు ఆగేవాడు, వాడెందుకు ఆగాడో చూడడానికి ఇంకో నలుగురు. అప్పుడు కొత్త గొంగడిని దొప్పలాగా పట్టించి చెంబెడు నీళ్ళు పోసేది. నీళ్ళు నిలబడేవి. "కిందికెల్లి చెయ్యి పెట్టి సూడు, తడైతదేమో" అనేది. ఆ తరువాత, అబ్బ, అసలు విద్య అప్పుడే, తన సరుకులో ఉన్న లోపం తనే చెప్పేది. "గీ మూలకు నేత జర పలుచన పడ్డది, సూస్కొని తీస్కో." లోపం విన్నవాడు పారిపోవాలి కదా? గొంగడి మడత పెట్టి చంకలో పెట్టుకునేవాడు!

నాకు మనసు నిలవలేదు. ఒకరోజు మజ్జిగ ఇచ్చి అడిగాను, ఇదంతా ఎట్లా నేర్చావని.

"నేర్సుకునేది ఏమున్నది బిడ్డ? పిలిస్తే మనిషి బెదురుతడు, గొర్రె తీరు. నీ పని నువ్వు జేస్కుంట కూసో. వాడే దగ్గరకొస్తడు."

ఆ రోజు నుంచి ప్రతి అంగడికీ ఒక మాట రాబట్టేదాన్ని. తన దగ్గర లేని రకం అడిగితే ఎవరి దగ్గరుందో చెప్పి పంపేది. అట్లా పోయినవాడు మరుసటి అంగడికి ఆమె దగ్గరకే వచ్చేవాడట. పోయినసారి కొన్నవాడు కనబడితే గొంగడి సంగతి కాదు, వాడి ఎద్దు కాలు నయమైందా అని అడిగేది. అన్నీ నా తలలో చేరిపోయాయి.

చేరినవి ఊరుకుంటాయా? మా ఆయనతో పిలవడం మాన్పించాను. గడప దగ్గర కూర్చోబెట్టి ధోవతులు మడతలు వేయించాను. "ఈ రంగు రెండు ఉతుకులకు దిగుతుంది" అని నిజం చెప్పించాను. మొదటిసారి చెప్పడానికి ఆయనకు చెమటలు పట్టాయి. కొనడానికి వచ్చినాయన పకపకా నవ్వి, "అయితే దిగని రంగు సూపియ్యవయ్యా" అని రెండు తీసుకున్నాడు. ఆ రోజు నేను తడక వెనక నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గెంతాను!

మా చినమామకు వికారాబాదులో స్టేషను దగ్గర చిన్న ప్రెస్సు ఉండేది. పెళ్ళి కార్డులు, కరపత్రాలు అచ్చువేసేవాడు. ఒక పెళ్ళిలో నేను ఆడవాళ్ళ మధ్య మల్లవ్వ బేరం ఆడినట్టే ఆడి చూపిస్తుంటే తలుపు అవతలి నుంచి విన్నాడు. "కోడలా, గిది పుస్తకం అయితది! దుకాణం పెట్టిన ప్రతోనికి కావాలె. రాయి, నేను అచ్చేస్త" అన్నాడు.

రాయడమా? నేనా? నాలుగు నెలలు నాకు అన్నం రుచి తెలియలేదు. పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే కథ మరిగేది. బండలమ్మేవాడు పగుళ్ళున్న బండను ముందే పక్కకు తీసి ఎందుకు చూపించాలి, దర్జీ తీరిక దొరికినప్పుడు పాత చొక్కాకు గుండీ ఊరికే ఎందుకు కుట్టాలి, ఒక్కోదానికి ఒక్కో కథ. బట్ట చుట్టే కాగితాల మీద రాసేదాన్ని. నా అక్షరాలు వంకర, నా మాటలు మాత్రం గుర్రాలు. అంత సంతోషం పెళ్ళిలో కూడా ఎరగను. ఇప్పుడు రాస్తుంటే కూడా అదే సంతోషం పొంగుకొస్తోంది, సిగ్గు లేకుండా. సిగ్గుపడాల్సిన చోటుకు వస్తున్నాను కదా, ఎందుకు పొంగుతోంది? నాకే అర్థం కాదు.

ఆ కాగితాల్లో ఏడు చోట్ల "మల్లవ్వ చెప్పింది" అని రాశాను. ఇది నిజం. నమ్మండి.

రైలెక్కి వికారాబాదు పోయాను. ప్రెస్సులో సిరా వాసన, అక్షరాలు ఏరుతున్న చప్పుడు. చినమామ నా చేతిలో సీసపు అక్షరాల కమ్మీ పెట్టాడు. తిరగేసి ఉన్న నా పేరు. చల్లగా, బరువుగా. దాన్ని వేలితో తడుముతుండగా ఆయన అన్నాడు, "గొంగళ్ళమ్మే ముసల్దాని మాట సేట్లు వింటరా బిడ్డ? మొదటి పుటల గా పేరు తీసెయ్యి."

ఒక్క చోటే తీసెయ్యమన్నాడు. మిగిలిన ఆరు చోట్లా కొట్టేసింది నేను. ఆయన అడగలేదు. అక్కడే బల్ల ముందు కూర్చుని, ఒక్కొక్కటీ కొట్టేసి, ఏడింటి పైనా "మా అత్తగారు చెప్పేది" అని రాశాను. ఎందుకు రాశాను? ఆయన చెప్పాడని ఇన్నేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నిజమేమిటంటే, మొదటిది పోగానే పుస్తకం పూర్తిగా నాదైనట్టు అనిపించింది. ఆ రుచి మరిగాను. చెయ్యి ఆగలేదు.

పుస్తకాలు వచ్చాయి. మల్లవ్వకు నేనే చెప్పాను, ఉండబట్టలేక. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని పుస్తకం అందుకుంది. వాసన చూసింది. తల్లకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది. "నా ముచ్చట ఉన్నదా ఇండ్ల? సదువు బిడ్డ" అంది.

చదివాను. "మా అత్తగారు" అని ఉన్న ప్రతి చోటా "మల్లవ్వ" అని చదివాను. ఏడు చోట్లా, తడుముకోకుండా. ఆమె ప్రతిసారీ "ఇగో, మళ్ల నేనే!" అని తొడ చరుచుకుని నవ్వింది. ఒక పుస్తకం ఆమెకే ఇచ్చేశాను. దాన్ని గొంగళ్ళ మూటలో, అన్నింటికంటే మెత్తటి దాని మడతలో పెట్టుకుంది.

అది అక్కడితో పోయేదేమో. పోనివ్వలేదు అంగడి.

ఆ ఏడు అంగట్లో రేకుల షెడ్డు వేశారు. లోపల కూర్చునే జాగాలు కొన్నే. పేరున్న వ్యాపారులకు ముందు ఇస్తామన్నారు. మల్లవ్వకు అది పెద్ద ఆశ. గొంగడి ఎక్కువ అమ్ముడయ్యేది వానల్లోనే, కప్పు లేని మా అరుగు మీద వానలో కూర్చుని అమ్మాల్సింది ఆమే. నడుము నొప్పి, మోకాళ్ళ వాపు. నీడన జాగా దొరికితే ఇంకో పదేళ్ళు అమ్ముకుంటానని అనేది. జాగాలు పంచే పొద్దున పుస్తకం తీసుకుని అంగడి లెక్కలు రాసే మున్షీ దగ్గరకు పోయింది, నాకు చెప్పకుండానే. పుస్తకంలో పేరున్నదానికి జాగా ఇయ్యరా అని.

మున్షీది ఉర్దూ చదువు. నిజాం కాలం నుంచి కాగితాలన్నీ ఉర్దూలోనే రాసిన మనిషి. కాగితాలు తెలుగులోకి మారుతుంటే ఈ వయసులో ఓనమాలు దిద్దుకుంటున్నాడని బజారంతా నవ్వుకునేది.

మధ్యాహ్నం మా గుమ్మంలోకి మల్లవ్వ గొంతు వచ్చింది. నవ్వుతూ వచ్చింది, అది మరిచిపోలేను.

"ఓ షావుకారమ్మా! మున్షీ సాబు పుస్తకం అటు తిప్పిండు, ఇటు తిప్పిండు, నీ పేరు లేదు ముసల్దానా అన్నడు. ఉర్దూ కండ్లకు తెలుగు ఏడ కనవడ్తది? ఇంక రెండేండ్లు బడికి పో సాబూ, అన్న. అందరు ఒకటే నవ్వుడు!"

నేను ఆమె చేతిలోని పుస్తకం వైపే చూశాను.

"జర నువ్వు రా బిడ్డ. నాకు సదివినట్లే ఆయనకు సదివి ఇనిపియ్యి. పొద్దుగూకక ముందే జాగలు అయిపోతయంట."

"ఇంట్ల చుట్టాలున్నరు మల్లవ్వా, ఎట్ల వస్త?"

నా వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. ఇల్లంతా ఖాళీగా కనబడుతోంది. ఆమె ఒకసారి లోపలికి చూసింది. నన్ను చూసింది.

"అట్లనా? అయితే గిట్ల జెయ్యి. నా పేరు ఏడున్నదో గా జాగ సూపియ్యి. గుర్తు పెట్టుకొని పోత."

నడుముకు చెక్కుకున్న నల్ల ఊలు నుంచి ఒక పోగు తెంపింది. పుస్తకం నా ముందు పెట్టింది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వడు. మల్లవ్వా, లేదు, నేనే కొట్టేశాను. ఇంతే. నాలుగు మాటలు. ఎన్ని వందల మాటలు గుర్తుంచుకునే నోరు నాది, ఈ నాలుగూ పలకలేదు. పుట తీశాను. వేలు పెట్టాను.

"ఇగో, ఇక్కడ."

వంగి చూసింది. "గింత సన్నగుంటదా నా పేరు?"

"మూడు అక్షరాలే కదా" అన్నాను.

ఆ వరుస కింద ఊలు పోగు జాగ్రత్తగా పరిచి, పుస్తకం మూసి, రెండు చేతులతో పట్టుకుని పోయింది.

జరిగింది మా ఆయన చూసి వచ్చి చెప్పాడు, నవ్వుతూ, ఆయనకేం తెలుసు. మున్షీ ఈసారి పంతానికి పోయాడట. కళ్ళద్దాలు పెట్టుకుని, పోగు తీసి, వేలు పెట్టి, అంత మందిలో కూడబలుక్కుంటూ చదివాడట. మా. అ. త్త. గా. రు. మళ్ళీ చదివాడట. చివరికి దారిన పోయే బడి పంతులును పిలిచి చదివించారట. అదే మాట. "ఎవని అత్తవు ముసల్దానా?" అని ఎవరో అంటే షెడ్డంతా గొల్లుమందట. మల్లవ్వ నా పేరు చెప్పలేదట. ఎవరు చూపించారని అడిగితే, "నేనే తప్పు జాగల పెట్టిన" అన్నదట.

ఆ మాట దగ్గర మా ఆయన చెప్పడం అయిపోయింది. నాకు అవలేదు.

జాగా రాలేదు. తరువాతి అంగడి నాడు మా అరుగు మీదకు రాలేదు. ఆ తరువాతా రాలేదు. ఈ వయసులో ఊరూరూ తిరుగుతూ అమ్ముకుంటోందని, తడిసి జ్వరం పట్టి రెండు నెలలు మంచాన ఉందని విన్నాను. పోయి చూడలేదు. ఒక్కసారి కొడంగల్‌లో బస్సు దగ్గర ఎదురుపడింది. నేను తప్పించుకునేలోపే, "బాగున్నవా బిడ్డ? దుకాణం గిరాకి బాగున్నదా?" అంది. బాగుంది అన్నాను. ఆమెకు ఆ రోజే, ఖాళీ ఇల్లు చూసినప్పుడే, అర్థమైందా? అర్థమయ్యే వేలు పెట్టి చూపించమని అడిగిందా, నాకు చివరి దారి వదలడానికి? ఈ ప్రశ్న నన్ను తినేస్తోంది.

నిరుడు చినమామ రెండోసారి అచ్చువేశాడు. మార్పులేమైనా ఉన్నాయా అని కార్డు రాశాడు. ఏడు చోట్లు. ఏడు చోట్ల మూడేసి అక్షరాలు. "ఏమీ లేవు" అని జవాబు రాశాను. చూశారా? తొమ్మిదేళ్ళ కిందటి పిరికితనం కాదు ఇది. నిరుటిది.

ఇప్పుడు చెప్తున్నాను. పిలవకుండా పిలిచే విద్య మల్లవ్వది. లోపం ముందు చెప్పే విద్య మల్లవ్వది. పక్కవాడి దగ్గరకు పంపే విద్య మల్లవ్వది. మా అత్తగారు పుణ్యాత్మురాలు, జన్మలో ఒక్క గజం బట్ట అమ్మి ఎరగదు. కథలు అల్లింది నేనే, అది కాదనను. కానీ ఆ పుస్తకం చదివి ఎవరి దుకాణమైనా నిలబడి ఉంటే, దాన్ని నిలబెట్టింది వానలో కూర్చున్న మనిషి.

ఆమె దగ్గరకు పోయి కాళ్ళు పట్టుకుంటానని మీకు మాట ఇవ్వను. పోతానో లేదో నాకే తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇచ్చేది కాదు. ఆ పుటలో ఆమె పేరు లేదు. ఉందని చదివింది నేను, లేదని తెలిసి వేలు పెట్టి చూపింది నేను.

అబ్బ, రాసేశాను! గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందో. పక్కింటికి వినబడినా ఫరవాలేదు.