కోటయ్య నమ్మిన గుడ్డముక్క

ఏడేళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. జాలిపడొద్దు. కోటయ్య మీద నాకు కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

భవానీపురంలో లారీల యార్డు మాది. కోటయ్యా నేనూ ఇద్దరం ట్రైలర్ డ్రైవర్లమే. ఒకరోజు నేను రివర్స్ తీస్తుంటే వెనక నిలబడి రా, రా అన్నది అతనే. గేటు స్తంభం కూలింది. ఓనరు గారి దగ్గర మాత్రం నేను తాగి ఉన్నానని చెప్పాడు. ఆ పూటే నన్ను స్టీరింగ్ మీంచి దింపేశారు. నేను జన్మలో చుక్క ముట్టలేదు. మంగళగిరిలో ఇంటికి చేరేసరికి కబురు నాకంటే ముందే వచ్చేసింది. మా ఆవిడ దగ్గరికొచ్చి నా నోరు వాసన చూసింది. స్టీరింగ్ పోయినందుకు కాదు, అందుకు ఏడ్చాను.

తర్వాత నన్ను ట్రైలర్లు తగిలించే పనిలో వేశారు. ఇంజిన్ బండికి ట్రైలర్ కలపాలి, రెండు గాలి పైపులు బిగించాలి, అరిగిన రబ్బరు వాషర్లు మార్చాలి, పైపుల మొదట్లో కుళాయిల్లా ఉండే కాక్‌లు తిప్పి ట్రైలర్‌లోకి గాలి వదలాలి. ఎర్ర పైపులో గాలి అందితేనే ట్రైలర్ చక్రాలు కదులుతాయి. డ్రైవర్ నొక్కిన బ్రేకు వెనక్కి చేరేది పసుపు పైపులోంచి. అన్నీ సరిచూశాక, మా ఇంట్లో మగ్గం మీద మిగిలిన చీర అంచు ముక్క ఒకటి పైపుకి కట్టేవాణ్ణి. ఆ ముడి కనిపిస్తే చాలు, డ్రైవర్లు ఇంకేమీ చూసుకునేవాళ్లు కాదు. నా పని అంత ఖచ్చితం.

రెండేళ్లు కాచుక్కూర్చున్నాను. ఒక పొద్దున కోటయ్య బండికి పసుపు పైపు బిగించి, కాక్ తెరవలేదు. మర్చిపోలేదు. తెరవలేదు. పైన ముడి వేశాను, ఎప్పటికంటే బిగువుగా. ఏం కోరుకున్నాను? ఎక్కడో గుద్దేసి, నాలాగే తలదించుకుని రావాలని. అంతేనా? ఇనుము లోడుతో ట్రైలర్ వెనక నుంచి తోసుకొస్తే ముందున్న మనిషి ఏమవుతాడో నాకు తెలియదా? తెలుసు. తెలిసే వేశాను. బండి గేటు దాటాక హాయిగా టీ తాగాను.

వారధి దిగేచోట ఆటో అడ్డమొస్తే బ్రేకు కొట్టాడట. ముందు చక్రాలు ఆగాయి, ట్రైలర్ ఆగలేదు. క్యాబిన్ వారధి పక్క గోడకి నొక్కుకుపోయింది. యార్డు నుంచి మొదట చేరింది నేనే. జనం అతన్ని బయటికి లాగుతున్నారు. నేను అటు పోలేదు. ఎవరి కంటా పడకుండా పైపు దగ్గరికెళ్లి కాక్ తెరిచాను.

కుడికాలు తీసేశారు. ఆసుపత్రిలో ఓనరు గారు అడుగుతుంటే నేను పక్కనే ఉన్నాను.

"పైపులు చూసుకున్నావా కోటయ్యా?"

"ముడి ఉందండీ. ఈయన కట్టాక చూసేదేముంది? స్పీడు నాదే అయ్యుంటుంది. అప్పుడు ఈయన తాగాడని అబద్ధం చెప్పానండీ. మళ్లీ ఈయన మీద ఇంకోటి చెప్పలేను."



ఆ నెలలోనే స్టీరింగ్ నాకు తిరిగిచ్చారు. మా ఆవిడ బండికి కొబ్బరికాయ కొట్టింది. నేను కోరుకున్నదంతా జరిగింది. మరి కసి ఎందుకు తీరలేదు? అతను నాకంటే ముందు ఒప్పేసుకున్నాడు. కాలు పోగొట్టుకుని, మంచం మీద పడుకుని కూడా నా మీద గెలిచాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కోటయ్య ఇంకా స్పీడు తనదే అనుకుంటున్నాడు. కాదు. కాక్ మూసి ఉంచింది నేను. తర్వాత తెరిచిందీ నేనే. హమ్మయ్య, ఆ రెండు ముక్కలూ బయటికొచ్చాయి.