ఫోటో లేని పెద్దాయన

నేను రంగూన్‌లో పుట్టి పెరిగాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి పొట్టకూటికి అక్కడికి వెళ్ళాడు. అరవైల్లో అక్కడ మాకు చోటు లేకుండా పోయాక, నేనూ నా భార్యా ఓడెక్కి ఇటు వచ్చేశాం. విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక గది తీసుకుని, మనుషుల బొమ్మలూ సరుకుల లేబుళ్ళూ వేస్తానని బోర్డు కట్టాను.

మొదటి ఏడాది ఒక చిక్కొచ్చింది. ఎవరి బొమ్మ గీసినా చెంపలు మాత్రం బర్మావాళ్ళవే వచ్చేవి. చిన్నప్పటి నుంచీ చెయ్యి అలా అలవాటు పడిపోయింది. ఒక మేష్టారి బొమ్మ చూసి ఆయన భార్య, "ఈయనెవరండీ, మీ రంగూన్ చుట్టమా?" అని నెమ్మదిగా అడిగింది.

అలాంటి రోజుల్లో ఆమదాలవలస నుంచి ఒక రైసు మిల్లు ఆసామి వచ్చాడు.

"మా అయ్య బొమ్మ గీయాల."

"ఫోటో ఇవ్వండి."

"ఫోటో నేదు. తీయించుకుంటే ఆయుస్సు తగ్గిపోతాదని తీయించుకోకుండానే పోనాడు."

"పోయేనాటికి ఆయన వయసెంత?"

"ఎనభై దాటింది బాబూ."

మర్నాడు పాసింజరులో వెళ్ళాను. మిల్లు ఆసామి చుట్టాలందర్నీ అరుగు మీద వరసగా కూర్చోబెట్టి, అయ్య పోలిక ఎవరిలో ఏముందో చూపించాడు. గెడ్డం పెద్దన్నది, చెవులు మేనత్తవి, నుదురు ఏమో పాలకొండ నుంచి రప్పించిన బాబాయిది. ఎవరి వంతు వస్తే వాళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళు. మేనత్త అయితే చెవులు కడుక్కుని మరీ వచ్చింది.

బాగుందో లేదో తేల్చేది మాత్రం పోయినాయన పెళ్ళాం. ముసలామె గుమ్మంలో కూర్చుని అడ్డపొగ పీల్చేది. అంటే చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. నోట్లో నిప్పుండగా మాటెలా వస్తుంది? తల అడ్డంగా ఊపేది. నేను చెరిపేవాణ్ణి. మళ్ళీ ఊపేది. రెండు రోజులు అలాగే గడిచాయి. కాగితం చిరుగుపట్టింది. బాబాయి పాలకొండ వెళ్ళిపోతానని గొడవ పెట్టాడు.

మూడో రోజు నా ఓపిక అయిపోయింది.

"అమ్మా, ఆ చుట్ట తీసి ఏటి తేడానో నోటితో సెప్పు తల్లీ!" అన్నాను. కోపంలో ఆ ఊరి యాస నాకు అదే మొదటిసారి రావడం.

ఆమె చుట్ట తీసి, సావకాశంగా చెప్పింది. "అన్నీ బాగున్నాయి నాయనా. ఆ కళ్ళే. ఆడు ఎప్పుడైనా అలగ మెత్తగా సూసినాడేటి? కూరలో ఉప్పు ఎక్కువైనోడిలాగ సూడాల."

కనుబొమలు దగ్గరికి లాగాను. కళ్ళ కింద రెండు గీతలు దిద్దాను. పటం ఆమె వైపు తిప్పాను.

ముసలామె గభాలున లేచి నిలబడింది. చేతిలో చుట్టని వీపు వెనక దాచేసింది. పైట తల మీదికి లాక్కుంది.

"అమ్మా, ఏటైనాది?" అన్నాడు కొడుకు.

"ఒరే, నాను పొగ తాగుతానని మీ అయ్యకి తెల్దురా!"

నలభై ఏళ్ళకు పైగా కాపరం. చుట్ట నిప్పు కనబడకుండా నోట్లోకి తిప్పి పీల్చడం అందుకే నేర్చుకుందట. అందరూ పడీ పడీ నవ్వారు. ఆఖరికి ఆమె కూడా నవ్వింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ఆ పటం ఇంట్లో పెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. "ఇన్నాళ్ళకి కాసింత సుకంగా ఉన్నాను. మిల్లుకి తీసుకుపో."

మిల్లులో గల్లాపెట్టె పైన వేలాడదీశారు. అప్పటి నుంచి కూలీలు ఆ గోడ కింద కునుకు తీయడం మానేశారట.

తర్వాత కొడుకు బియ్యం బస్తాల మీద కూడా అయ్య ముఖమే అచ్చువేయిద్దామన్నాడు. బస్తాల్ని లారీలోకి విసిరేస్తారు, మీదెక్కి కూర్చుంటారు, బాగుండదని నచ్చజెప్పాను. బదులుగా ఒక నెమలి గీసిచ్చాను. పురి విప్పి, ఒంటికాలి మీద నిలబడ్డ నెమలి. రంగూన్‌లో మా వీధి మొదట్లో ఒక దుకాణం మీద అలాంటిదే ఉండేది. చిన్నప్పుడు నేను మొట్టమొదట చూసి గీసింది దాన్నే.

మిల్లు ఆసామికి అది తెగ నచ్చింది. "మన కొండల్లో నెమలి అచ్చం ఇలగే ఉంటాది బాబూ!" అన్నాడు. నేను అవునన్నాను.