సన్మానం నాడు సుగుణమ్మ కప్పిన శాలువా

దయ్యాలన్నా శకునాలన్నా నాకు ఎప్పుడూ నవ్వే. నంద్యాలలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతాను. రుజువు లేనిది నమ్మొద్దని వాళ్లకు చెప్పి చెప్పి నాకూ అదే అలవాటైంది. ఇప్పుడు రాస్తున్నది మాత్రం నా కళ్లముందు, నిండు సభలో, పట్టపగలు జరిగింది.

మాది రుద్రవరం దగ్గర పల్లె. ఆళ్లగడ్డలో నర్సుగా చేసిన సుగుణమ్మ పేరు తెలియని ఇల్లు మా వైపు లేదు. సరైన రోడ్లు లేని రోజుల్లో ఎద్దుల బండెక్కి వచ్చి కాన్పులు చేసిపోయేది. మా అన్న ఓబులేసునూ, నన్నూ మొదట ఎత్తుకున్నవి ఆమె చేతులే.

నిరుడు నంద్యాలలో ఒక కల్యాణ మండపంలో తొంభై దాటిన ప్రముఖులకు సన్మానం చేశారు. ఒక పాత హెడ్మాస్టరు, ఒక నాటక కళాకారుడు, సుగుణమ్మ. ఆమెకు అప్పటికి తొంభై నాలుగేళ్లు. చూపు దాదాపు పోయింది. మనుషుల్ని గుర్తుపట్టడం మానేసి చాలాకాలమైందని ఆమె మేనకోడలు చెప్పింది.

అయినా ఆమె చేతిలో పుట్టినవాళ్లంతా వరుస కట్టారు. ఒక్కొక్కరి తలమీద చెయ్యి పెట్టి “చల్లగుండు నాయనా” అంటోంది. నాకూ అలాగే పెట్టింది.

నా వెనక అన్న. వంగి కాళ్లు మొక్కాడు. ఆమె చెయ్యి తలమీద ఆగలేదు. ఒక అరచెయ్యి గడ్డం కిందికి, రెండోది మెడ వెనక్కి పోయాయి. అప్పుడే పుట్టిన బిడ్డను పట్టినట్టు అన్న తలను పట్టుకుంది. తర్వాత వీపు మీద చరచడం మొదలుపెట్టింది.

“ఏడువు నాయనా, ఏడువు! ఊపిరి తీసుకో!”

సభంతా నవ్వింది. “ఏడుస్తాండాలేమ్మా,” అని అన్న కూడా నవ్వాడు.

ఆమెకు వినబడలేదు. కాసేపటికి చేతులు ఆగిపోయాయి. గొంతు మారింది.

“లాభం ల్యా. గుడ్డ కప్పండి.”

పక్కన కాన్పుగది ఆయా ఉన్నట్టు, ఆమెకు పని చెప్పినట్టు అంది. ఎవరూ కదలకపోయేసరికి తన భుజాల మీది శాలువా తనే లాగి అన్న ముఖం మీద కప్పింది.

తనకిచ్చిన శాలువాతో అతన్ని దీవించిందనుకుని జనం చప్పట్లు కొట్టారు.

ఆ వారం గడవలేదు. మినుము చేలో నీళ్లు కడుతూ అన్న గట్టుమీద కూలబడ్డాడు. కలుపు తీస్తున్న ఆడవాళ్లు పరుగెత్తి వచ్చేసరికి నోరు తెరిచి ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. ఆళ్లగడ్డ ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. గుండెపోటన్నారు. అన్నకు బీపీ లేదు, షుగరు లేదు, బీడీ ముట్టడు. యాభై కూడా నిండలేదు.

తెలిసిన డాక్టరును అడిగాను. మతిమరుపు వచ్చినవాళ్లకు పాత పనులు గుర్తొస్తాయని, ఎప్పుడో చేతిలో పోయిన బిడ్డ మనసులో మెదిలి ఉంటుందని చెప్పాడు. కావచ్చు. కానీ అంత పెద్ద వరుసలో మా అన్న దగ్గరే ఎందుకు గుర్తు రావాలి? పుట్టినప్పుడు అన్నే ఏడవలేదేమోనని అమ్మను అడిగాను.

“వాడా? వీధంతా ఇనపడేట్టు ఏడ్సినాడు,” అంది.

సభలో ఎవరో తీసిన వీడియో ఊళ్లన్నీ తిరిగింది. పిల్లల్ని దీవెనకు తీసుకెళ్లేవాళ్లు సుగుణమ్మ ఇంటికి పోవడం మానేశారు. కడుపుతో ఉన్నవాళ్లు ఆ వీధిలోకే రావడం లేదని విన్నాం.

అన్న పెద్దకర్మ అయ్యాక అమ్మ, “నన్ను సుగుణమ్మ తావుకు తోల్కపో,” అంది. తిట్టిపోయడానికే అనుకున్నాను. ఆ మేనకోడలూ అదే అనుకున్నట్టుంది, గుమ్మంలోనే అమ్మ చేతులు పట్టుకుంది.

“అక్కా, ఆమెకేం తెల్దు. కోపం పెట్టుకోవద్దు.”

అమ్మ చేతులు విడిపించుకుంది. లోపలికి పోయి మంచం పక్కన కూర్చుంది. సుగుణమ్మ చేతులు రెండూ తీసుకుని తన తలమీద పెట్టుకుంది. ఆమె గుర్తుపట్టలేదు. ఆ చేతులు మెల్లగా కిందికి జారి అమ్మ పొట్టను తడిమాయి.

“కాన్పయిందామ్మా? బిడ్డ బాగుండాడా?”

అమ్మ ఆ చేతుల మీద తన చేతులు పెట్టింది.

“బాగుండాడమ్మా,” అంది.

ఆ ఎండాకాలంలోనే సుగుణమ్మ పోయింది. సమాధి దగ్గర పట్టుమని పదిమంది లేరు. అమ్మ ఉంది.

ఆ రోజు ఆ చేతులకు ఏం తెలిసిందో, అసలేమైనా తెలిసిందో లేదో నేను చెప్పలేను. ఆ వీడియో ఎన్నిసార్లు చూసినా నాకు అంతుపట్టలేదు. అమ్మ మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.