ఇర్మా వరండాలో రెండో జెర్సీ

వెర్నా బామ్మ కడుపుమంట ఎదురింటి ఇర్మా వరండాలో, అద్దం చట్రంలో వేలాడుతూ ఉంటుంది. అదొక నీలం జెర్సీ, మంచు మీద ఆడే హాకీది. దాని మీద నల్ల సిరాతో, ‘ఇర్మా అమ్మకి, అంతా నీ సూపు చలవే’ అని రాసి సంతకం పెట్టి ఉంటుంది. బామ్మ వంటింట్లో నిలబడి గిన్నెలు కడుగుతుంటే సరిగ్గా కళ్లకెదురుగా కనబడుతుంది. కిటికీకి తెర వేసుకోవచ్చు కదా అని ఎవరైనా అంటే, “నా కిటికీకి నేనెందుకు వేసుకోవాలి? ఆవిడ వరండాకి వేసుకోమనండి” అంటుంది.

లార్క్‌హిల్ బ్యాడ్జర్స్ జట్టులో ఆడే కుర్రాళ్లు పదహారేళ్లకే ఇల్లు వదిలి, కెనడాలోని ఈ సస్కాచెవాన్ రాష్ట్రం నలుమూలల నుంచీ వస్తారు. ఊళ్లోవాళ్లే వాళ్లని ఇళ్లలో పెట్టుకుని వండిపెడతారు, చెమట కంపు కొట్టే బట్టలు ఉతుకుతారు, బడికి లేపుతారు. తాత పోయినప్పటి నుంచీ బామ్మకి ఇదే కాలక్షేపం. ఆమె చేసే పెరోగీలు, అంటే బంగాళాదుంప కూరిన కుడుములు, తిని పెరిగినవాళ్లలో ఒకడు ప్లంబరయ్యాడు, ఇంకొకడు పోలీసయ్యాడు, మరొకడు విత్తనాలు అమ్ముతున్నాడు. అందరూ బంగారంలాంటి పిల్లలే. పెద్ద లీగుకి మాత్రం ఒక్కడూ వెళ్లలేదు. ఇర్మా ఇంట్లో ఉన్నవాడు వెళ్లాడు, ఆ నీలం జెర్సీ వాడిదే. ఆట జరుగుతుంటే తలెత్తకుండా మేజోళ్లు అల్లుకునే ఇర్మా ఇంట్లోవాడు!

బామ్మకి కన్నుంది. ఆ సంగతి ఆమెతో మాటలు మానేసినవాళ్లు కూడా ఒప్పుకుంటారు. ఆట జరిగే మంచు రింకులో మూడో వరసలో కంబళి కప్పుకుని, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుని కూర్చుంటుంది. కుర్రాళ్లు మంచు మీదికి దిగిన కాసేపటికే తీర్పులు మొదలవుతాయి.

“వీడు తల దించుకుని పోతాడు. ఎవడో ఒకడు గోడకేసి అప్పడం చేస్తాడు.”

“వాడికి కాళ్లున్నాయి కానీ ఓపిక లేదు. ట్రక్కు కొనుక్కోగానే ఆట మానేస్తాడు.”

ఆమె గొంతు వినబడి, కింద ఉన్న కోచ్ కూడా ఒకసారి తలెత్తి చూస్తాడు.

కిందటి ఆగస్టులో కొత్త కుర్రాళ్లు వచ్చినప్పుడు, ఎవరిని తన ఇంటికి పంపాలో బామ్మ ముందే చెప్పేసింది. డాల్టన్ అని, తలుపంత మనిషి. వాడు కర్ర ఎత్తి కొడితే నల్లటి రబ్బరు పక్ గోడకి తగిలి తుపాకీ పేలినట్టు మోగేది. ఇర్మా వాటాకి ఓరిన్ అనే పొట్టివాడు మిగిలాడు. బామ్మ ఆ సాయంత్రం పనిగట్టుకుని ఎదురింటికి వెళ్లి, “పాపం, నీకు పెద్ద పక్క కూడా అక్కర్లేదులే” అని పరామర్శించి వచ్చింది.

డిసెంబరు వచ్చేసరికి ఆ పరామర్శ గొంతులో ముల్లయి కూర్చుంది. డాల్టన్ పక్ తన దగ్గరికి వచ్చేదాకా ఆగుతాడు, వచ్చాక ఆలోచిస్తాడు. ఓరిన్ అది రాకముందే భుజం మీదుగా ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసుకుంటాడు. అది వచ్చేసరికి ఎక్కడికి పోవాలో వాడికి తెలిసిపోయి ఉంటుంది. బామ్మ ఆ మెడ తిప్పడం కనిపెట్టింది. కనిపెట్టి, పైకి మాత్రం రింకంతా వినబడేలా అంది: “ఆ పొట్టాడా? గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోతాడు!”

పక్క సీటు క్లెమ్ తాత వేయించిన బంగాళాదుంపలు నములుతూ, “ఈ రింకు లోపల గాలి ఎక్కడిది వెర్నా?” అన్నాడు.

“నోరు మూసుకుని తిను.”

జనవరిలో ఇర్మాకి మోకాలి ఆపరేషన్. సస్కటూన్ ఆసుపత్రికి పోతూ ఫోన్ చేసింది. “నేను వచ్చేదాకా నా ఓరిన్‌ని కాస్త చూసుకోవే.”

“నా ఓరినట!” అని బామ్మ ఫోన్ పెట్టేశాక ఫోన్‌తోనే అంది. కానీ ఒప్పుకుంది. అతిథిని కాదంటే ఊళ్లో పరువేం కావాలి?

కుర్రాడు వచ్చీ రాగానే మెట్ల మీది మంచు పారతో ఎత్తిపోశాడు. పెరోగీలు మూడుసార్లు వడ్డించుకున్నాడు. బామ్మ గెలిచాననే అనుకుంది. ఆట ఉన్న రోజు పొద్దున మాత్రం వాడు వంటింటి గుమ్మంలో నిలబడి వేళ్లు విరుచుకున్నాడు.

“బామ్మా, ఏమీ అనుకోకపోతే... ఆటకి ముందు నేను నూడుల్స్ సూపే తాగుతాను. ఇర్మా బామ్మ చేస్తుందే, అది. అది లేకపోతే నాకు కాళ్లు ఆడవు.”

బామ్మ చేతిలో ఉన్న చాకు పక్కన పెట్టి ఫోన్ తీసింది.

“ఆ నీ పాడు సూపులో ఏం వేస్తావు?”

అటునుంచి ఇర్మా ఎంత మురిసిపోయిందో ఊపిరిలోనే తెలిసిపోయింది. “కోడి, మిరియాలు, ఒక్కటంటే ఒక్క అనాసపువ్వు. రెండు వేసేవు, మందులా ఉంటుంది. నీ చెయ్యి పెద్దది కదా.”

“నువ్వు నీ మోకాలి సంగతి చూసుకో.”

మధ్యాహ్నం కుర్రాళ్లిద్దరూ ఆటకి ముందు మేడ మీద నిద్రపోతున్నారు. సూపు ఉడుకుతోంది. తలుపు తట్టిన చప్పుడు. పెద్ద లీగు జట్టు కోసం కుర్రాళ్లను చూసి ఏరే మనిషి, పేరు హాల్వర్‌సన్. ఇలాంటివాళ్లు వస్తారని, కుర్రాడు ఇంట్లో ఎలా మసలుతాడో అడుగుతారని బామ్మకి తెలుసు. ఆమె గుమ్మంలోకి ఎన్నడూ రాలేదంతే.

“ఇర్మా గారు లేరట. ఓరిన్ మీ దగ్గరే ఉన్నాడన్నారు” అంటూ అతను టోపీ తీసి కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. “ఆటా నచ్చింది, మనిషీ నచ్చాడు. కానీ అమ్మా, ఒక అనుమానం. కిందటి నెల మీ వెనక వరసలోనే కూర్చున్నాను. గాలి వీస్తే ఎగిరిపోతాడన్నారు. మీ మాట తీసిపారేయొద్దని ఊరంతా చెప్పింది.”

అతని భుజం మీదుగా వరండా కనబడుతోంది. నీలం జెర్సీ పక్కన ఇంకొకటి పట్టేంత గోడ ఖాళీగా ఉంది. బామ్మ ఏ అబద్ధమూ ఆడక్కర్లేదు. ఊరుకుంటే చాలు.

గరిటె ఒకసారి తిప్పింది. రేపు వాడు ఎలాగూ ఎక్కడో ఒకచోట పైకొస్తాడు. అప్పుడు క్లెమ్ తాత రింకులో అందరికీ చెబుతాడు, వెర్నా కంటికి వీడు ఆనలేదని. ఆ తలంపు జెర్సీ కన్నా ఎక్కువగా కాల్చింది.

“ఆ మాట కుర్రాడి మీద అన్నది కాదు, అదిగో ఆ వరండా మీద అన్నది” అంది కిటికీ వైపు గరిటె చూపించి. “మీకు కళ్లుంటే ఇవాళ వాడి మెడ చూడండి. పక్ రాకముందే రెండు పక్కలా చూస్తాడు. పొట్టివాడని గుద్దబోతారు, గుద్దేవాడు చేరేసరికి వాడక్కడ ఉండడు. మెట్ల మీది మంచు ఎవరూ చెప్పకుండానే ఎత్తాడు. ఇక చాలా?”

అతను నవ్వాడు. “మరి మీ కుర్రాడు, డాల్టన్?”

బామ్మ సూపు రుచి చూసి, ఉప్పు వేసింది. “పళ్లేలు బాగా కడుగుతాడు” అంది మెల్లగా.

జూన్‌లో పెద్ద జట్లు కుర్రాళ్లను ఎంచుకున్నాయి. ఓరిన్ పేరు ఎక్కడో చివర్లో వచ్చింది. అయితేనేం, వచ్చింది. జూలైలో ఎర్ర జెర్సీ ఒకటి ఎదురింటి వరండాకి చేరింది. బామ్మ రెండు రోజులు కిటికీలోంచి దాన్ని చూసి పళ్లు కొరికి, మూడో రోజు తాత రసమట్టం చంకలో పెట్టుకుని వీధి దాటింది.

“ఎడమ పక్క వాలింది. పొద్దస్తమానం చూడలేక చస్తున్నా” అని చట్రాన్ని సరిచేసి, బుడగ మధ్యకి వచ్చేదాకా కదలలేదు. ఇర్మా కర్ర మీద ఆనుకుని చూస్తూ నిలబడింది.

“ఇదిగో ఇర్మా, వచ్చే నెల కొత్త కుర్రాళ్లు వస్తారు. ఈసారి నేను ముందు ఎంచుకుంటాను, చెబుతున్నా.”

“నిరుడు కూడా నువ్వే కదే ముందు ఎంచుకుంది!” అంది ఇర్మా.