అక్క గదిలో ఎర్ర చుక్క

మా తోటికోడలు పోయి నెల కావస్తోంది. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. కడప ఆసుపత్రి నుంచి బావ ఫోన్ చేసి "అమ్మా, మీ అక్క లేదు" అన్నప్పుడు దేవుడి ముందు దీపంలో నూనె పోస్తున్నాను. పదకొండో రోజున ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు మైదుకూరు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి, ఒక్కొక్కరే లేచి ఆమె మంచితనం చెప్పారు. నన్నూ మాట్లాడమన్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపాను. దుఃఖమనుకున్నారు. అందులో సగం అసూయ. ఆ సగం ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే నేను చేసే పూజ కూడా అబద్ధంలా ఉంది. అందుకే పదో తరగతితో చదువు ఆపేసిన నేను ఇప్పుడు పెన్ను పట్టుకున్నాను.

అక్క హైస్కూల్లో సైన్సు టీచరు. కొంగు చివర ఎప్పుడూ ఒక సుద్దముక్క ముడివేసుకుని ఉండేది. చెప్పాలనిపిస్తే వంటింటి బండ మీదైనా బొమ్మ గీసేది. మా ఇళ్ళ మధ్య ఒకటే గోడ. ఆమెకు ఇద్దరు కొడుకులు. నాకు పెళ్ళైన చాలా ఏళ్ళకు, ఎన్నో మొక్కుల తర్వాత పుట్టిన ఒక్క ఆడపిల్ల. ఆ పిల్ల బడి నుంచి రాగానే సంచి మా ఇంట్లో పడేసి వాళ్ళింట్లోకి పరుగెత్తేది. నేను చేసిన బొరుగుల ఉగ్గాని చల్లారిపోయేది. తిరిగొచ్చాక ఏ మాట మొదలుపెట్టినా "పెద్దమ్మ చెప్పింది" అనే మొదలుపెట్టేది. తనకు ఇద్దరున్నారు కదా, నాకున్న ఒక్కదాన్నీ ఎందుకు లాక్కుంటుందని కుమిలిపోయేదాన్ని.

పాప ఎనిమిదో తరగతిలో ఉండగా టీవీలో ధ్రువాల దగ్గర ఆకాశంలో ఆకుపచ్చ వెలుగు చూపించారు. దేవుడు పట్టిన హారతి అని చెప్పాను. మరుసటి రోజు పెరుగు ఇవ్వడానికి వెళితే, పాప అదే మాట అక్కను అడుగుతోంది.

"మీయమ్మ చెప్పింది తప్పేం కాదులే పాపా. ఆ హారతి ఎట్ల వెలుగుతాదో మనం చెప్పుకుంటాండాం, అంతే."

నన్ను తక్కువ చేయలేదు. చేసి ఉంటే బాగుండేది. కోపం తెచ్చుకోవడానికి నాకొక కారణం దొరికేది.

అక్క సుద్దతో నేల మీద భూమిని గీసింది. "భూమి పెద్ద అయస్కాంతం. దాని బలం గీతలు గీతలుగా చుట్టూ శానా దూరం పరుచుకోని ఉండాది. సూర్యుని నుంచి ఎప్పుడూ ఒక గాలి వస్తాంటాది, అదీ అయస్కాంత బలాన్ని మోసుకోనొస్తాది. పగటి పక్క మన బలాన్ని నొక్కుతాది. రాత్రి పక్క, బస్సు కిటికీలో ఆడపిల్ల జడ మాదిరి వెనక్కి లాగుతాది. లాగి లాగి ఆ గీతలు తెగి, మళ్ళా వేరేగా అతుక్కుంటాయి. అప్పుడు కరెంటు రేణువులు ఆ గీతల వెంబడే ధ్రువాల దిక్కు దూకి పై గాలిని కొడతాయి. గాలి వెలుగుతాది."

"మనకెందుకు కనపడదు పెద్దమ్మా?"

"మనం యాడుండాం, ధ్రువాలు యాడుండాయి! వెలుగు వాళ్ళకే గానీ అదురు అందరికీ. ఆ పొద్దు మనూర్లో కూడా అయస్కాంతం రవ్వంత కదులుతాది. చూస్తావా?"

అలా మొదలైంది. ఒక గాజు జాడీలో అయస్కాంతాన్ని పట్టుదారంతో వేలాడదీశారు. దానికి చిన్న అద్దం ముక్క అతికించి, ఎర్ర లైటు కొట్టారు. గోడ మీద ఎర్ర చుక్క పడేది. రోజూ ఆ చుక్క ఉన్నచోట పెన్సిల్ గీత. ఇనుము దగ్గరుంటే లెక్క తప్పుతుందని అక్క ఆ గదిలోని బీరువాను కూడా వరండాలోకి మోయించింది. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. బావ మాత్రం "రేపు నన్ను గూడా బయట పెడతాదేమో" అనేవాడు.

ఏడాది గడిచినా పాప మోజు తగ్గలేదు. తగ్గితే దేవుని కడప గుడిలో కొబ్బరికాయలు కొడతానని మొక్కుకున్నాను.

పాప తొమ్మిదో తరగతికి వచ్చాక ఒకసారి, సూర్యుని మీద పెద్ద తుఫాను లేచిందని, దాని ప్రభావం భూమికి తగలబోతోందని వార్తల్లో చెప్పారు. పాప రెండు రోజులు నేల మీద నిలవలేదు. ఆ మరునాడు అక్కా పాపా బడికి పోయాక నేను ఆ గదిలోకి వెళ్ళాను. నా బిడ్డ నాకన్నా ఎక్కువగా చూసుకునే ఆ చుక్కలో ఏముందో చూడాలనిపించింది. నియమం తెలుసు. తాళంచెవుల గుత్తి గడప బయటే పెట్టాను. వంగి జాడీలోకి చూశాను. ఎర్ర చుక్క గోడ మీద పరుగెత్తింది. నా తాళికి ఎప్పుడూ ఉండే నాలుగు పిన్నీసులు జాడీకి తగిలాయి. మాంగల్యాన్ని ఇనుముగా ఎవరు తలుస్తారు? కంగారుపడి చుక్కను సరిచేయాలని జాడీని తిప్పాను. దారం మెలిపడింది.

సాయంత్రం పాప కేక వేసింది. "పెద్దమ్మా! నాలుగు వేళ్ళంత జరిగింది! తుఫాను!"

అక్క గోడనూ జాడీనీ చూసినట్టుంది. నిజమైన తుఫానుకు ఆ చుక్క పెన్సిల్ గీత మందం కదిలితే గొప్ప. "చెరిపేయ్ పాపా. పొద్దున నేనే తాళంచెవులు నడుముకు పెట్టుకోని లోపలికొచ్చినా, జాడీకి తగిలినా" అంది. గోడకు ఇవతల నేను వింటున్నాను. నిజం తుఫాను ఆ రోజే వచ్చింది. లడఖ్‌లో ఆకాశం ఎర్రబడిందని టీవీలో చెప్పారు. మా గోడ మీద దాని గుర్తు మిగల్లేదు.

"ఇన్ని దినాలదంతా పాడు చేసినావు! ఇంక నీతో మాట్లాడను పో!" అని పాప ఏడుస్తూ వచ్చి నా ఒళ్ళో పడింది. నేను తల నిమిరాను. నిజం చెప్పలేదు.

మరునాడు కొళాయి దగ్గర అక్క మెల్లగా నవ్వింది. "మే చెల్లీ, జాడీ కాడ ఒక పిన్నీసు దొరికింది. నీ పిన్నీసులు సూర్యుని కంటే జోరుగుండాయే!"

బిందె కింద పెట్టాను. "పాపకు చెప్తావా అక్కా?"

"ఎందుకు మే? అది నా మీద అలిగితే నాలుగు దినాలకు వస్తాది. నీ మీద అలిగితే నువ్వు తట్టుకోలేవు."

నా గురించి అంత బాగా తెలిసినందుకు కూడా ఆమె మీద అసూయ పుట్టింది. పాప వారం రోజులు నా దగ్గరే ఉంది. నేను దేవుని కడప వెళ్ళి కొబ్బరికాయలు కొట్టి వచ్చాను.

పాప ఇప్పుడు కడపలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. అక్క పోయినప్పుడు వచ్చి, "ఆ దినం పెద్దమ్మను అన్ని మాటలంటి, తప్పయిందని ఒక్కసారన్నా అనలేదు మా" అని గుండెలు పగిలేలా ఏడ్చింది. నేను పోతే ఇంతగా ఏడుస్తుందా అనుకున్నాను. దేవుడు క్షమించాలి. పదకొండో రోజు వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, పాపకు పిన్నీసుల సంగతి మొత్తం చెప్పేశాను.

"పెద్దమ్మకు తెలుసునా?" అంది.

"తెలుసు."

"అయినా నాకు చెప్పలేదా?"

"లేదు."

మళ్ళీ ఏడ్చింది. ఆ ఏడుపు కూడా అక్క కోసమే.

ఈ కాగితాలు ఎవరి చేతికి వచ్చినా దాచి ఉంచండి. మా బావకు గానీ, ఆమె బిడ్డలకు గానీ, ఊళ్ళోవాళ్ళకు గానీ చూపించవద్దు. పాప మరునాడు పొద్దున్నే కడప బస్సెక్కింది. నేనిచ్చిన టిఫిన్ డబ్బా తీసుకుంది కానీ నా ముఖం చూడలేదు. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి చూశాను. డబ్బాను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. నేనిచ్చానని పట్టుకుందో, కుదుపులకు పడిపోతుందని పట్టుకుందో నాకు తెలియలేదు.